పాట వాళ్లది, ఊపిరీ వాళ్లదే

ప్రశ్న: మాది కరీంనగర్ వైపు. సూరత్‌లో లింబాయత్ దగ్గర ఉంటున్నాం. పగలంతా పవర్‌లూమ్ పని, శనివారం రాత్రి మా తెలుగు చర్చిలో క్వయర్ ప్రాక్టీసు. నాది కీబోర్డు. ఈమధ్య గిటారు, బేస్ గిటారు, తబలా కూడా చేరాయి. నేనొక్కణ్నే వాయించినప్పుడు బాగానే ఉండేది. ఇప్పుడు పాటే వినబడటం లేదంటున్నారు.

సమాధానం: ముందు మీ ఎడమచేతికి సెలవివ్వండి. ఒంటరిగా వాయించిన రోజుల్లో బేస్ పని కూడా అదే చేసింది. ఇప్పుడు ఆ పనికి మనిషి ఉన్నాడు. ఇద్దరూ మంద్రంలోనే తిరిగితే ఆ ముద్దలో మగ గొంతులు మునిగిపోతాయి. కుడిచేత్తో వరస వాయించడం కూడా పాట నేర్పేవరకే. పాట వచ్చాక కార్డు పట్టి ఊరుకోండి.

ఆ కార్డు ఏదన్నది ఇంకో సంగతి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పాట నెత్తినే రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. చాలామంది చూడరు. పురుషోత్తమ చౌధరి వంటివారు 19వ శతాబ్దంలో రాసిన కీర్తనలు కార్డుల కోసం పుట్టినవి కావు. మోహనమే తీసుకోండి. సి షడ్జమమైతే అందులో ఎఫ్, బి లేవు. ఎఫ్ మేజర్ వేశారా, లేని మధ్యమం వచ్చి కూర్చుంటుంది. సి మేజర్, ఎ మైనర్ చాలు. జి కావాలనిపిస్తే బి వదిలేసి జి, డి మాత్రం నొక్కండి.

ఇక అసలు పాఠం. ఒక శనివారం వాయిద్యాలు ముట్టకుండా నలుగురూ క్వయర్‌తో నిలబడి పాడండి. ఎక్కడ ఊపిరి తీసుకోవాల్సి వచ్చిందో పుస్తకంలో పెన్సిలు గీత పెట్టుకోండి. తబలా ముక్తాయింపైనా, గిటారు విరుపైనా ఆ గీతల దగ్గరే. మాట నడుస్తుండగా వద్దు.

మీరడగని మాట ఒకటి. మగ్గాల మోతలో గంటలకొద్దీ ఉన్న చెవి ఆ తర్వాత కొంతసేపు మందగిస్తుంది. మీకు చాలనిపించిన శబ్దం మిగతావాళ్లకు ఎక్కువ. ఆంప్లిఫయర్ మీరు తిప్పకండి. ఆ రోజు మగ్గం దగ్గరికి వెళ్లనివాళ్లను వెనకవరసలో కూర్చోబెట్టి, వాళ్లు చెప్పినంతే పెట్టండి. పనిలో చెవులకు ప్లగ్గులు పెట్టుకుంటే మరీ మంచిది.

ప్రశ్న: కీబోర్డు అన్న 'సి' అంటాడు, నా గిటారు మాత్రం కలవదు. శ్రుతి చూసుకునే వస్తాను.
— ఉధనా, సూరత్

సమాధానం: మీ అన్న ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి ఉంటాడు. రెండు మెట్లు పెంచితే వేళ్లు సి మీదున్నా మోగేది డి. మీరు రెండో ఫ్రెట్‌పై కేపో బిగించి సి పట్టండి. బేస్ అతను నేరుగా డి వాయించాలి. ఇకమీదట వేళ్ల పేరు కాదు, వినబడే శ్రుతి పేరు చెప్పమనండి.

ప్రశ్న: నవరాత్రుల్లో గర్బాకు వాయించే గుజరాతీ ఢోలక్ కుర్రాడు వస్తానంటున్నాడు. తెలుగు పాటలకు పనికొస్తాడా?

సమాధానం: నిక్షేపంగా. గర్బా 'హీంచ్' ఆరు మాత్రలది. తిశ్ర నడక పాటల్ని అతను మీకంటే హాయిగా మోస్తాడు. ఆది తాళానికి ఎనిమిది మాత్రల కహర్వా అడగండి. చిక్కంతా వేగంతోనే. అతని చేయి ఆడే కాళ్లకు అలవాటుపడింది, మీవాళ్లు నిలబడి పాడతారు. మొదటి చరణం చప్పట్లతో పాడించి, రెండో చరణంలో అతన్ని అందుకోమనండి.