లాప్‌టాప్‌లో మూసియున్న తూము



మన కురబలకోట మండలమందలి అంగళ్లులో 1998వ సంవత్సరమున మదనపల్లె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్ అను కళాశాల నెలకొల్పబడినది మొదలు, ఈ ప్రాంతపు సేద్యగాండ్ర యిండ్లలోనికి సయితము కంప్యూటరు విద్య ప్రవేశించినది. మా పూర్వవిద్యార్థి యొకడు, ఇంజనీరింగు చదువుచున్నవాడు, సెలవులలో తన తండ్రితోకూడ మాయొద్దకు వచ్చెను. తండ్రి టమాట పంట సొమ్ముతో కొనియిచ్చిన లాప్‌టాప్ అతనిచేత నుండెను. వర్చువల్‌బాక్స్‌లో లినక్స్ నడపబోగా, బయోస్‌లో వీటీ-ఎక్స్ నిలుపబడియున్నదను మాట తెరమీద కనబడుచున్నదట. ఒక దుకాణదారుడు యంత్రము పనికిరాదనియు, క్రొత్తది కొనవలసినదే యనియు చెప్పెనట. ఆ తండ్రి అప్పుకొఱకు తిరుగుచుండెను.

యంత్రమున లోపమేమియు లేదు. ఒక కంప్యూటరులో మఱియొక కంప్యూటరు ఉన్నట్లు భ్రమింపజేయుటయే వర్చువలైజేషన్. లోపలి యంత్రము ప్రమాదకరమైన ఆజ్ఞ నిచ్చినప్పుడు ప్రాసెసరు దానిని పట్టి, పైనున్న కాపరికి అప్పగింపవలెను. పెంటియం ప్రాసెసరులలో అట్లు పట్టువడక జారిపోవు ఆజ్ఞలు 17 కలవని 2000లో పరిశోధకులు చూపిరి. 2005లో ఇంటెల్ వీటీ-ఎక్స్‌ను, 2006లో ఏఎండీ తన పద్ధతిని ప్రాసెసరులోనే చేర్చి ఆ కొఱత తీర్చినవి. వర్చువల్‌బాక్స్ 2019లో వెలువడిన 6.1వ కూర్పునుండి ఈ శక్తి లేనిదే పనిచేయదు.

మఱి శక్తి యుండియు ఏల పనిచేయలేదు? చెరువు నిండియున్నను నీరుగంటి తూము ఎత్తనిచో మడికి నీరు రాదుగదా. ఇక్కడ నీరుగంటి బయోస్. యంత్రము మేల్కొనగానే అది ఇంటెల్ ప్రాసెసరులోని యొక రిజిస్టరునందు అనుమతియో నిషేధమో వ్రాసి తాళము వేయును. యంత్రము మరల మొదటినుండి లేచువఱకు ఆ తాళము ఊడదు. కావున విండోస్‌లో నుండి ఎంత ప్రయత్నించినను ప్రయోజనము లేదు.

ముందుగా టాస్క్ మేనేజరు తెఱచి, పెర్ఫార్మెన్స్ అనుచోట సీపీయూ క్రింద వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని యున్నదేమో చూడవలెను. ఉన్నచో బయోస్ జోలికి పోవలదు. లేనిచో, బిట్‌లాకర్ రికవరీ కీ యను 48 అంకెల సంఖ్యను కాగితముమీద వ్రాసికొనవలెను. బయోస్ మార్చినపిమ్మట విండోస్ దానిని అడుగవచ్చును. మే మొకపరి ఈ జాగ్రత్త మఱచి, మా పరీక్షపత్రములన్నియు అందులో చిక్కుకొనగా, ఆ సంఖ్యకై రాత్రియంతయు వెదకితిమి.

పిమ్మట యంత్రమును రీస్టార్టు చేసి, గుర్తు కనబడకమునుపే డెల్‌లోనైన ఎఫ్2, హెచ్‌పీలోనైన ఎఫ్10 మీటను పలుమాఱు నొక్కవలెను. అడ్వాన్స్‌డ్, కాన్ఫిగరేషన్, సెక్యూరిటీ అను పుటలలో నెచటనో ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అనియుండును. ఏఎండీ యంత్రములలో ఎస్‌వీఎం మోడ్ అందురు. దానిని ఎనేబుల్డ్ చేసి, భద్రపఱచి వెలికి రావలెను. తక్కినవాటిని ముట్టరాదు.

మే మిట్లు చేయుటకు అయిదు నిమిషములు పట్టెను. ఆ యంత్రమునకు 4 జీబీ మెమరీయే యుండుటచే లినక్స్‌కు 1 జీబీ మాత్రమే యిచ్చితిమి, నెమ్మదిగానైనను లేచినది. వాకిట కూర్చుండి చూచుచున్న ఆ తండ్రి, "ఇంతేనా సార్? ఇంకేమీ కొనే పని లేదా?" అని రెండుమాఱులు అడిగెను.