పంటి వైద్యము: ముంబయి నేతకుటుంబములకు ఒక పాఠము

పడుగులో పోగు తెగినప్పుడు వెంటనే అతికినచో నిమిషములో పని తీరును. చూచియు చూడనట్లు నేసుకొనిపోయినచో గుడ్డ చెడును. ఈ సంగతి మన ఇండ్లలో పదేండ్ల పిల్లవానికిని తెలియును. నోటిలో పన్ను పుచ్చినప్పుడు మాత్రము మనము ఈ తెలివిని వాడుట లేదు. లవంగనూనె అద్ది, మందుల షాపులో బిళ్ల కొని మ్రింగి, నొప్పి తగ్గెను గదా యని ఊరకుందుము. కొందరికి పంటిలోని నరము చచ్చిపోయినందుననే నొప్పి ఆగును. వేరు క్రింద చీము చేరుచునే యుండును. దవడ క్రింద వాపు వచ్చి, జ్వరముతోపాటు మ్రింగుటకో ఊపిరి తీయుటకో కష్టమైనచో అది ప్రాణాపాయము. అర్ధరాత్రియైనను పెద్ద ఆసుపత్రికి పోవలెను.

కామాఠిపురలోని మనవారికి ఈ వైద్యము దూరమున లేదు. తెలుగు దేశమునుండి కట్టుబడి పనులకు వచ్చిన కామాఠీల పేరున వెలసిన ఆ గల్లీలనుండి ముంబయి సెంట్రల్ వద్దనున్న నాయర్ దంత వైద్య కళాశాలకు నడిచియే పోవచ్చును. 1933లో ఏర్పడిన ఆ కళాశాలను నగర పాలక సంస్థ నడుపుచున్నది. కోట ప్రాంతములో సెయింట్ జార్జి ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ దంత కళాశాల కలదు. ధారావివారికి సయన్‌లోని లోకమాన్య తిలక్ ఆసుపత్రి దగ్గర. అందును దంత విభాగమున్నది. ప్రయివేటు డాక్టరు పుచ్చుకొను దానిలో చిన్న భాగమే ఇక్కడ రుసుము.

మరి మనవారేల పోరు? భయమొకటి, భాష యొకటి. అసలు అడ్డము కూలి. పన్ను పీకించుట ఒక పూట పని. దానిని నిలుపుకొని వేరు శుభ్రపరచి నింపించుటకు మూడు నాలుగు సార్లు పోవలెను. కళాశాలలో విద్యార్థులు గురువుల పర్యవేక్షణలో చేయుదురు గనుక మరికొంత ఆలస్యమగును. రోజుకూలివాడు లెక్క చూచుకొని పీకించుకొనును. ఆ లెక్కను మేము తప్పు పట్టము. కాని పుచ్చు చిన్నదిగా నున్నప్పుడే పోయినచో ఒక్క పూటతో నింపి పంపుదురు. నొప్పికి ముందు పోయినవానికి కూలి నష్టము తక్కువ.

మిల్లులు నడిచిన కాలములో 1948 నాటి చట్టము క్రింద ఇ.ఎస్.ఐ. కార్డు మనవారికి ఆధారముగా నుండెను. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తరువాత ఉద్యోగములు పోయినవారికి కార్డును పోయెను. వారిలో అనేకులు నేడు ముసలివారు. చక్కెర జబ్బు గలవారు. పంటి వైద్యము ముందుగా అందవలసినది ఇట్టివారికే. చక్కెర హెచ్చినచో చిగుళ్లు చెడును. చిగుళ్లు చెడినచో చక్కెర అదుపు తప్పును. చిగుళ్లకు చికిత్స చేయించినవారిలో మూడు నాలుగు నెలలకు మూడునెలల చక్కెర పరీక్ష అంకె సగటున 0.4 వరకు తగ్గినట్లు పరిశోధనలు చూపినవి. మందు మానుమని దీని అర్థము కాదు. పండ్లు లేని తాతగారు జొన్నరొట్టె నమలలేక చాయిలో బన్ను ముంచుకొని కాలము గడుపుచున్నచో చక్కెర ఎట్లు దిగును? ఆయనకు కట్టుడుపండ్లు ఆహారముతో సమానము.

గర్భిణులకు చిగుళ్లు వాచి రక్తము వచ్చుట కలదు. కడుపుతో నున్నప్పుడు పంటి వైద్యము కూడదని పెద్దమ్మలు చెప్పుదురు గాని, డాక్టరుకు ఆ సంగతి చెప్పి నిశ్చింతగా చేయించుకొనవచ్చును. నడిమి నెలలు అనుకూలము.

పొగాకు సంగతి దాచిపెట్టుట వలన లాభము లేదు. మగ్గము దగ్గర నిద్ర రాకుండుటకని దవడలో పెట్టుకొనువారును, మిశ్రీతో పండ్లు తోముకొను ఆడవారును మనలో కలరు. 2012లో మహారాష్ట్రము గుట్కాను నిషేధించినది. వక్కపొడి యొక పొట్లము, పొగాకు యొక పొట్లము కొని కలుపుకొనువారు దానికి లోకువైరి. ఉత్త వక్కయు క్యాన్సరు తెచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగము 2004లో ప్రకటించినది. నోటిలో తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ, మూడు వారములైనను మానని పుండు, మూడు వ్రేళ్లు నిలువుగా పట్టనంతగా బిగిసిన నోరు కనబడినచో ఆలస్యము చేయరాదు. పరేల్‌లో 1941లో వెలసిన టాటా ఆసుపత్రి యున్నది. మొదటి దశలో కనిపెట్టినచో నయమగు అవకాశము చాల హెచ్చు.

వృత్తి సంబంధమైన మాట యొకటి. పోగును పంటితో కొరుకుట మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ముందుపండ్ల అంచు గాడి పడును. కత్తెర చాలు. నాడె కంటినుండి పోగును నోటితో పీల్చుట అంటువ్యాధులకు దారియని అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రము 1911లోనే చట్టము చేసి ఆపించెను.

ఫుట్‌పాత్‌పై పండ్లు కట్టువారి దగ్గరకు పోవద్దు. వారు దొంగపన్నును పక్కపండ్లకు అతికించి కదలకుండ చేయుదురు. దాని క్రింద అన్నము చేరి, మంచి పండ్లును కదలును.

ప్రతి చాళులో చదువుకొన్న యువకుడో యువతియో వారమున కొక ఉదయము ఇద్దరు ముగ్గురు పెద్దలను తోడ్కొని పోవలెనని మా సూచన. వెళ్లునప్పుడు వాడుచున్న మందులన్నియు సంచిలో వేసుకొనవలెను. రక్తము గడ్డకట్టకుండ మందు వాడువారు, గుండె ఆపరేషను అయినవారు ఆ సంగతి ముందే చెప్పవలెను. మందును తమంతట ఆపరాదు. కేసు పేపరును పారవేయక మరుసటిసారి తీసికొనిపోవలెను. తోడు లేనినాడు కౌంటరు దగ్గర చెప్పుటకు మరాఠీ మాటలివి: పన్ను నొప్పిగా నున్నదనుటకు ‘దాత్ దుఖతో’; చిగుళ్లనుండి రక్తము వచ్చుచున్నదనుటకు ‘హిరడ్యాంతూన్ రక్త్ యేతే’; చక్కెర జబ్బున్నదనుటకు ‘మలా మధుమేహ్ ఆహే’; నోరు తెరచుకొనుట లేదనుటకు ‘తోండ్ ఉఘడత్ నాహీ’.