రోము మహాసభకు వెళ్లుచున్న సిస్టరుకు

అద్దంకి,
29 ఏప్రిల్ 2025.

ప్రభువునందు ప్రియమైన సిస్టరునకు దీవెనలు.

నీ జాబు అందినది. మే 5 మొదలు 9 వరకు రోములో జరుగనున్న మఠకన్యా సభల ప్రధానాధిపతుల అంతర్జాతీయ సమాఖ్య మహాసభకు నీవు మన సభ పక్షమున వెళ్లుచున్నావని విని, ఇచ్చట ముసలివారమందరము ఎంతో సంతోషించితిమి. పదవిచేత నీవు నాకు పెద్దవు. విధేయతావ్రతము నన్ను నీకు లోబరచినది. అయినను నోవిషియేటులో నిన్ను దిద్దినదానను గనుకను, నీవే సలహా కోరితివి గనుకను సంకోచింపక వ్రాయుచున్నాను.

నీవు చేరునప్పటికి ఆ నగరము ఇంకను శోకములోనే యుండును. ఫ్రాన్సిస్ పోపుగారు ఈ నెల 21న ప్రభువును చేరుకొనిరి. మీ మహాసభ నడుచుచుండగనే 7వ తేదీన కార్డినల్సు నూతన పోపును ఎన్నుకొనుటకై ఎన్నికసభలోనికి ప్రవేశింతురు. లోకపు చూపంతయు ఆ ఎన్నిక ఫలితము తెలుపు పొగగొట్టము మీదనే నిలుచును. నీవు మాత్రము నీ బల్లచుట్టు కూర్చున్నవారి ముఖములు చూడుము.

ఈ సమాఖ్య 1965 డిసెంబరు 8న, రెండవ వాటికన్ మహాసభ ముగిసిన దినముననే, వెలసినది. ఆ మహాసభలో కొద్దిమంది మఠకన్యలకు ఆసనములైతే దొరకినవి గాని ఓటు లేదు. అట్టి స్థితి నుండి బయలుదేరిన సిస్టర్లు, 2016 మే 12న ఇదే సమాఖ్య పక్షమున పోపుగారి యెదుట కూర్చుండి, స్త్రీలను డీకనులుగా ఏల నియమింపరాదని సూటిగా అడిగిరి. దాని ఫలితముగా ఆ ఆగస్టులోనే ఆ విషయమును పరిశీలించుటకు ఒక సంఘము ఏర్పడినది. తీర్పు నేటికిని తేలకపోవచ్చును; అయినను వినయముతో, బెదురు లేక అడిగిన ప్రశ్నకు ఎంత బలము కలదో గ్రహింపుము. నీవును ఒక్క ప్రశ్న వెంటబెట్టుకొని వెళ్లుము. భారతదేశ స్త్రీల దుస్థితి, ఆసియాలో సువార్త వంటి విశాల విషయములు ఇతరులు చెప్పుదురు. నీవు మన నేలను గూర్చియే మాటలాడవలెను.

సంక్రాంతి దాటినది మొదలు వేసవి వరకు మిరప కోతలకై ఆదోని, కోసిగి వైపుల నుండి ఇండ్లకు తాళములు వేసికొని కుటుంబములకు కుటుంబములే మన వైపు తరలివచ్చుట నీవెరుగుదువు. చేనిగట్టున పరదాపట్టల గుడారము, వేపకొమ్మకు చీర ఉయ్యాల. తల్లి కాయ కోయుచుండగా ఆ ఉయ్యాల నూపు పిల్ల బడిలో నుండవలసిన పిల్ల. కళ్లములో తాలుకాయ ఏరి తొడిమలు త్రుంచు స్త్రీల వ్రేళ్ల మంట, రాత్రి ఎంత కొబ్బరినూనె రాచినను చల్లారదు. ఈ ఫిబ్రవరిలో మన డిస్పెన్సరీ అరుగుమీద ఒక తల్లి, ఏడ్చు బిడ్డ కన్నీటిని వ్రేళ్లతో తాకక ముంజేతి పైభాగముతో తుడుచుట చూచితిని. ఈ యేడు ధర పడిపోయి, క్వింటాలుకు 11,781 రూపాయల ధర నిర్ణయించి కేంద్ర ప్రభుత్వమే జోక్యము చేసికొనవలసి వచ్చినది. రైతుకే గిట్టనినాడు కూలి ఎచ్చట తెగునో వేరుగ చెప్పనక్కర లేదు. మేస్త్రీవద్ద ముందుగా సొమ్ము తీసికొన్నవారు ఎట్లు తిరిగివెళ్లుదురు? పట్టణములో పని యిప్పింతునని వచ్చిన దళారి మాటకు అట్టి గుడారము నుండియే ఆడపిల్ల వెళ్లిపోవును. 2009లో ఈ సమాఖ్యయే మనుష్యుల అక్రమ రవాణాను ఎదిరించుటకు 'తలితా కుమ్' అను వలయమును నెలకొల్పినది. ఈ కోతల కాలపు వలసను ఆ వలయము కంటబడునట్లు చేయుటయే నీ పని.

ఇంత చిన్న ఊరి మాట అచ్చట వినిపించునా యని సందేహింపకుము. 1920లో ఆస్ట్రేలియా నుండి గుంటూరుకు వచ్చిన డాక్టరు మేరీ గ్లౌరీని తలచుకొనుము. మఠకన్యలు వైద్యము చేయుట నాటి నియమములకు సమ్మతము కాదు. ఆమె ప్రత్యేకానుమతి పొంది యేసు మరియ జోసెఫ్ (జె.యం.జె.) సభలో చేరి వైద్యము సాగించినది. ఆ నిషేధము అందరికిని సడలుటకు 1936 వరకు ఆగవలసి వచ్చినది. 1943లో ఆమె ఆధ్వర్యమున నెలకొన్న కాథలిక్ ఆసుపత్రుల సంఘమునకు మూలములు మన గుంటూరులోనే యున్నవి.

మాటలాడునప్పుడు నెమ్మదిగ, చిన్న వాక్యములతో మాటలాడుము. చెవులకు యంత్రములు తగిలించుకొని అనువాదము వినువారికి నీ వేగము మోయరాని బరువగును. మన సభలో వాడుకొను సంక్షిప్త నామములు అచ్చట ఎవరికిని తెలియవు. తీర్మానము చదువునపుడు వలస కూలీల పిల్లలను గూర్చి ఒక వాక్యమైనను లేకున్నచో లేచి అడుగుము, సిగ్గు వలదు.

మరియొకటి. ఇటలీ మఠములలో వృద్ధ సిస్టర్లకు సేవచేయుచు మన తెలుగు బిడ్డలెందరో యున్నారు. అచ్చటి మఠములకు క్రొత్త పిలుపులు తగ్గి, మన వైపు నుండి పిలుచుకొనుచున్నారు. సేవ పవిత్రమే గాని అది వెట్టిగా మారరాదు. 5వ తేదీకి ముందు ఒక పూట తీరిక చేసికొని వారిలో కొందరినైన కలిసికొనుము. భాష నేర్పుచున్నారా, చదువుకొననిచ్చుచున్నారా, సభలో జరుగు నిర్ణయములందు వారి మాట చెల్లుచున్నదా, ఇంటికి వచ్చి ఎన్నాళ్లయినదో పెద్దల యెదుట గాక విడిగా అడుగుము. వారు చెప్పినది వ్రాసికొని, ఎవరి పేరును బయటపెట్టక, నీ బల్లవద్ద చెప్పుము.

నీ ప్రయాణమునకై ప్రతిదినము దివ్యపూజలో ప్రార్థించుచున్నాము.

ప్రభువునందు,
నీ పెద్ద సిస్టరు.