కొల్లేటి పరిమళం: ఒక రసాయన పాఠం

కిందటి చలికాలంలో ఒక సాయంత్రం వెస్ట్ బేలో పావుగంటసేపు వాన కురిసింది. ఏడాది మొత్తానికి సగటున 80 మిల్లీమీటర్ల వర్షమైనా పడని ఈ దేశంలో వాన ఒక పండుగ వంటిది. పిల్లలందరూ బాల్కనీల్లోకి పరుగెత్తారు. నేను అలవాటు కొద్దీ గట్టిగా ఊపిరి పీల్చి, "ఇది మన కొల్లేటి వాసన కాదు" అన్నాను. పదేళ్ళ మా అమ్మాయి వెంటనే అడిగింది: "నీళ్ళకు వాసన ఉండదని సైన్సు పుస్తకంలో ఉంది కదా నాన్నా! మరి సరస్సుకు వాసన ఎక్కడి నుంచి వస్తుంది?"

నేను కైకలూరు ప్రాంతంలో పుట్టి పెరిగినవాణ్ణి, వృత్తిరీత్యా రసాయన శాస్త్రజ్ఞుణ్ణి. అయినా ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు సమాధానం చెప్పలేకపోయాను. ఆ లోటు తీర్చుకొనే ప్రయత్నమే ఈ వ్యాసం.

వాసన నీటిది కాదు

మన తార్కికులు పంచభూతాలలో గంధాన్ని పృథివికి మాత్రమే గుణంగా చెప్పారు. నీటికి చల్లదనాన్నీ రుచినీ ఇచ్చారు గాని వాసనను ఇవ్వలేదు. ఆధునిక శాస్త్రం చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంటుంది. ఒక వస్తువు వాసన మనకు తెలియాలంటే దానినుండి తేలికగా ఆవిరయ్యే అణువులు గాలిలో ప్రయాణించి మన ముక్కులోని గ్రాహకాలను తాకాలి. మనిషిలో ఇటువంటి గ్రాహకాలు సుమారు 400 రకాలున్నాయి. శుద్ధమైన నీటి అణువు వీటికి వాసనగా తోచదు. కనుక సరస్సు వాసన అంటే దాని బురదలోను, మొక్కలలోను, జీవులలోను పుట్టిన వాసనయే.

ఒక ప్రదేశాన్ని సీసాలో బంధించాలనే కోరిక పరిమళ నిర్మాతలకు కొత్త కాదు. ఫ్రాన్సుకు చెందిన హెర్మెస్ సంస్థ 2005లో నైలు నదీతీరపు పచ్చి మామిడి స్ఫూర్తితో ఒక అత్తరును, 2008లో వానాకాలం వెలిసిన కేరళ పేరిట మరొకదానిని, 2019లో వెనిస్ ఉప్పుకయ్యలోని ఒక తోట పేరిట ఇంకొకదానిని విడుదల చేసింది. మరి మన కొల్లేటికి ఒక అత్తరు చేయాలంటే అందులో ఏమేమి కలపాలి?

మొదటి దినుసు: బురద

తొలివాన పడినప్పుడు లేచే మట్టివాసనకు ముఖ్య కారణం జియోస్మిన్ అనే పదార్థం. గ్రీకు భాషలో ఈ మాటకు 'భూమి వాసన' అని అర్థం. 1965లో అమెరికాలో గెర్బర్, లెషెవాలియే అనే శాస్త్రజ్ఞులు దీనిని వేరుచేసి ఈ పేరు పెట్టారు. మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులు, నీటిలోని నీలి ఆకుపచ్చ నాచు దీనిని తయారుచేస్తాయి. ఈ వాసనకు ఆకర్షింపబడి వచ్చే చిన్న పురుగులు ఆ సూక్ష్మజీవుల బీజాలను తమ శరీరాలపై మోసుకుపోయి వ్యాప్తి చేస్తాయని 2020లో తెలిసింది. అంటే మనం మురిసిపోయే మట్టివాసన నిజానికి ఆ పురుగులకు పంపిన ఆహ్వానపత్రిక!

ఈ వాసనను పట్టడంలో మన ముక్కు సామర్థ్యం అద్భుతమైనది. లీటరు నీటిలో సుమారు 10 నానోగ్రాములున్నా చాలు. ఒలింపిక్ ఈతకొలనులో 25 లక్షల లీటర్ల నీరు పడుతుంది. అంత నీటికి వాసన తెప్పించడానికి 25 మిల్లీగ్రాములు, అంటే దాదాపు ఒక బియ్యపు గింజ బరువు జియోస్మిన్ సరిపోతుంది.

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఈ మట్టివాసనకు వెలకట్టి అమ్ముతారు. కాల్చిన మట్టి ముక్కలను రాగి పాత్రలో నీటితో మరిగించి, ఆ ఆవిరిని వెదురు గొట్టం ద్వారా చందన తైలంలోకి పంపి మట్టి అత్తరు తీస్తారు. ఎండిన రాళ్ళపై వాన పడినప్పుడు వచ్చే వాసనకు 1964లో 'పెట్రికోర్' అని పేరు పెట్టిన ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు బేర్, థామస్ తమ వ్యాసంలో ఈ భారతీయ అత్తరును ప్రస్తావించారు కూడా.

కన్నౌజ్‌లో ధర పలికే ఈ అణువే కొల్లేటి చేపకు ధర తగ్గిస్తుంది. చెరువులో నాచు పెరిగితే జియోస్మిన్ చేప కొవ్వులో చేరి, కండకు బురద వాసన పడుతుంది. ఆమ్లం తగిలితే జియోస్మిన్ ఒక నీటి అణువును కోల్పోయి, వాసన లేని ఆర్గోస్మిన్‌గా మారుతుంది. గాఢమైన ఆమ్లంతో ఈ మార్పు త్వరగా జరుగుతుంది. చింతపండు రసానికి అంత బలం లేదు. అయితే అది చేయలేని పనిని పులుపు, కారం, మెంతులు కలిసి కప్పిపుచ్చుతాయి. బొచ్చె చేపను వేపుడు కన్న పులుసుగానే వండాలని మా అమ్మ పట్టుబట్టడంలో ఎంతో కొంత రసాయన శాస్త్రం ఉన్నదని నాకు డాక్టరేటు వచ్చిన తరువాతగాని తెలియలేదు.

రెండవది తామర, మూడవది మొగలి

తామరపువ్వు తన పరిమళాన్ని తానే కాచుకుంటుంది. వికసించే రోజుల్లో బయటి గాలి 10 డిగ్రీలకు పడిపోయినా పువ్వు లోపలి వేడి 30 డిగ్రీలకు తగ్గదని 1996లో ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధన నిరూపించింది. ఆ వేడికి సువాసన అణువులు ఆవిరై తుమ్మెదలను పిలుస్తాయి. వీటిలో ముఖ్యమైనది పారా డైమిథాక్సీ బెంజీన్ అనే సరళమైన అణువు.

మొగలి కొల్లేటి ప్రాంతపు కాలువగట్లకూ పరిచితమే. పొదల్లో పాములుంటాయని పెద్దలు మమ్మల్ని బెదిరించేవారు. కాని మొగలిని పరిశ్రమగా చూడాలంటే మరొక సరస్సు దరికి, ఒడిశాలోని చిలికాకు దక్షిణాన ఉన్న గంజాం జిల్లాకు వెళ్ళాలి. తెలుగువారు ఎందరో నివసించే బరంపురం, ఛత్రపురం పరిసరాలలో మగ మొగలిపూలను రాగి పాత్రలలో బట్టీపెట్టి తైలం తీస్తారు. ఆ తైలంలో సగానికి పైగా ఉండేది ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్. బిర్యానీలో చల్లే కేవడా నీరు ఈ పూలదే.

వీటికి తోడు కోసిన కిక్కిస గడ్డి పచ్చివాసన కోసం సిస్-3-హెక్సెనాల్‌ను ఒక చుక్క కలపాలి. అప్పుడు మన కొల్లేటి అత్తరు కాగితం మీద సిద్ధమైనట్టే.

పాళ్ళలోనే ఉంది ప్రాణం

అయితే అత్తరు చేసేవారికి ఒక సూత్రం తెలుసు. దినుసులకన్న వాటి పాళ్ళు ముఖ్యం. జియోస్మిన్ రవ్వంత ఉంటే తొలకరి. కొంచెం ఎక్కువైతే మురుగు. సరస్సుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. మేతలు, ఎరువులు, పట్టణాల మురుగు నీటిలో చేరితే నాచు విజృంభిస్తుంది, బురద వాసన హెచ్చుతుంది. గట్లు వేసి చెరువులుగా తవ్విన చోట తామరకు, కిక్కిసకు తావు ఉండదు. ఒక దినుసు పెరిగి, తక్కినవి అంతరిస్తాయి.

కొల్లేటిని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు వచ్చింది. 2006లో ప్రభుత్వం అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను పెద్దయెత్తున తొలగించింది. వాటిపై ఆధారపడిన కుటుంబాల ఆవేదనా కాదనలేనిది. ఈ విషయంలో ఎవరినీ నిందించే అర్హత నాకు లేదు. నన్ను విశ్వవిద్యాలయానికి పంపిన డబ్బు చేపల చెరువునుండి వచ్చినదే. సరస్సు పాళ్ళు మార్చిన చేతులలో మా ఇంటి చేతులూ ఉన్నాయి. ఈ వ్యాసం రాస్తున్నంతసేపూ ఆ మాట నన్ను వెంటాడుతూనే ఉంది.

పిల్లల కోసం ఒక ప్రయోగం

రెండు పళ్ళేలు తీసుకోండి. ఒకదానిలో పూలకుండీలోని మట్టిని, రెండవదానిలో శుభ్రమైన ఎడారి ఇసుకను పలుచగా పరచి రెండు రోజులు ఎండనివ్వండి. తరువాత కళ్ళకు గంతలు కట్టి, రెండింటిపైనా నీటిచుక్కలు చల్లి వాసన చూపించండి. ఏది ఏదో పిల్లలను చెప్పమనండి. వాన చుక్క నేలను తాకినప్పుడు మట్టి రంధ్రాలలోని గాలి బుడగలుగా పైకి లేచి పగిలి, వాసనను గాలిలోకి చిమ్ముతుందని 2015లో ఎమ్.ఐ.టి. శాస్త్రజ్ఞులు వేగవంతమైన కెమెరాలతో చూపారు. మీ పళ్ళెంలో జరిగేదీ అదే.

మా ఇంట ఈ ప్రయోగం జరిగింది. మా అమ్మాయి కుండీమట్టిని తడుముకోకుండా గుర్తుపట్టి, "ఇది బతికున్న మట్టి" అన్నది. సముద్రాన్ని పూడ్చి కట్టిన వెస్ట్ బేలో, పాలరాతి మీద, తారురోడ్డు మీద పడిన వానకు కొల్లేటి వాసన ఎందుకు లేదో ఆ ఒక్క మాటలో తేలిపోయింది. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పిల్లలను ఒక్క పూట కొల్లేటి గట్టుకు తీసుకువెళ్ళండి. పేర్లు చెప్పకుండా ముందు వాసన చూడనివ్వండి. అత్తరు సీసాను ఎప్పుడైనా కొనవచ్చు. దానికి మూలమైన సరస్సు ఉన్నది ఒక్కటే.