డిప్రెషన్ గోలీలు వాడేవారు చేయవలసినవి - చేయకూడనివి

డిప్రెషన్‌కు డాక్టర్లు రాసే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూఆక్సెటిన్ వంటి గోలీలు మత్తుమందులు కావు. సరిగ్గా వాడితే మనిషి మళ్లీ పొలానికో, కూలికో, బడికో వెళ్లే స్థితికి వస్తాడు. పాన్‌గల్, గద్వాల, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో వీటిని వాడేవారు రెండు విషయాల్లో మరీ జాగ్రత్తగా ఉండాలి. కాస్త నయమనిపించగానే గోలీ మానేయడం ఒకటి, గోలీ వేసుకుంటూనే కల్లు తాగడం రెండోది.

చేయవలసినవి

1. డాక్టర్‌కు అన్నీ చెప్పండి. గుండె జబ్బు, మూర్ఛ, కంట్లో నీటికాసులు, గర్భం, వాడుతున్న ఇతర మందులు, నాటు మందులు, తాగే అలవాటు ఏదీ దాచవద్దు. గతంలో ఎప్పుడైనా రోజుల తరబడి నిద్ర లేకుండా మితిమీరిన హుషారుతో తిరిగి ఉంటే అదీ చెప్పాలి. బైపోలార్ జబ్బు ఉన్నవారికి ఈ గోలీ ఒక్కటే ఇస్తే ఆ ఉద్రేకం మళ్లీ తిరగబెట్టవచ్చు.

2. ఓపిక పట్టండి. మొదటి వారంలో వికారం, తలనొప్పి, నిద్రలో తేడా రావచ్చు. చాలామందికి ఇవి వాటంతటవే తగ్గుతాయి. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది.

3. రోజూ ఒకే వేళకు వేసుకోండి. మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. తర్వాతి గోలీ వేళ దగ్గర పడితే మరిచినది వదిలేయండి.

4. నయమయ్యాక కూడా డాక్టర్ చెప్పినన్నాళ్లు వాడండి. మామూలుగా కనీసం ఆరు నెలలు కొనసాగిస్తారు. ముందే మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

5. గోలీ పట్టీని ఒకసారి తిప్పి చూడండి. ఒక పక్కన నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని, వాడకూడని మందు. షాపులో పట్టీ కత్తిరించి ఇస్తే మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క మీకు రాకపోవచ్చు. అవి కనిపించేలా ఇవ్వమని అడగండి, లేదా చీటీ వెనక రాయించుకోండి.

6. ముంబై, పుణె, హైదరాబాద్ పనులకు వలస వెళ్లేవారు తిరిగొచ్చేదాకా సరిపడా మందు, చీటీ వెంట పెట్టుకోండి. దారిలో మందు అయిపోయి ఆగిపోకూడదు.

7. మొదటి వారాల్లో ఇంటివాళ్లు మనిషిని కనిపెట్టి ఉండాలి. ముఖ్యంగా 25 ఏళ్లలోపు వారిలో ఈ దశలో చనిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చు. గోలీలను ఇంటివాళ్లే దాచి రోజుకు ఆ రోజువి ఇవ్వాలి. పురుగుల మందు డబ్బాలు ఇంట్లో ఉంచకుండా, చేతికందని చోట తాళం వేసి పెట్టాలి.

చేయకూడనివి

1. ఒక్కసారిగా మానేయకండి. అలా మానితే తల తిరగడం, వికారం, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం మొదలుకావచ్చు. మానాల్సినప్పుడు డాక్టరే మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు.

2. మందుతోపాటు కల్లు, సారా, బ్రాందీ తాగకండి. మన ఉమ్మడి పాలమూరు జిల్లాలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు పదార్థాలు కలిపిన ఉదంతాలున్నాయి. డిప్రెషన్‌కే వాడే ఎమిట్రిప్టిలిన్ వంటి మత్తు కలిగించే గోలీకి ఇవి తోడైతే స్పృహ తప్పవచ్చు, ఊపిరి మందగించవచ్చు. అయితే రోజూ కల్లు తాగేవారు చెప్పాపెట్టకుండా మానితే ఫిట్స్ రావచ్చు. కాబట్టి సిగ్గుపడకుండా డాక్టర్‌కు చెప్పి, ఆయన సలహాతో మానండి.

3. ఒళ్లు నొప్పులకు సొంతంగా ట్రమడాల్ వేసుకోకండి. ఈ గోలీలతో కలిస్తే వణుకు, జ్వరం, కండరాలు బిగుసుకుపోవడం వంటి ప్రమాదాలు రావచ్చు. డైక్లోఫెనాక్ గానీ ఐబూప్రోఫెన్ గానీ వీటితో కలిపి వాడితే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకునేటప్పుడు కూడా మీ చీటీ చూపించండి.

4. ఒకరి గోలీ మరొకరికి ఇవ్వకండి. గుణం కనిపించలేదని మోతాదు మీరే పెంచుకోకండి.

5. మత్తుగా ఉన్నంతకాలం ట్రాక్టర్, బండి నడపకండి.

6. గర్భం వచ్చిందని భయపడి గోలీ ఆపేయకండి. ముందు డాక్టర్‌ను అడగండి.

వెంటనే దవాఖానకు

జ్వరంతో వణుకు, గందరగోళం, ఫిట్స్, నల్లటి విరేచనం కనిపిస్తే, చనిపోతానని అంటుంటే ఆలస్యం చేయకండి. ఎక్కువ గోలీలు మింగితే, ముఖ్యంగా ఎమిట్రిప్టిలిన్ అయితే, అది గుండెకు ప్రమాదం. మనిషి మామూలుగా కనిపిస్తున్నా 108కి ఫోన్ చేయండి. ఖాళీ పట్టీ వెంట తీసుకెళ్లండి.

మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో ప్రారంభించిన టెలీ మానస్ 14416 ఉంది. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ దవాఖానలో మానసిక వైద్యం పొందడం మీ హక్కు. దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి, ఆశా కార్యకర్తకు చెప్పండి. గోలీ మొదలుపెట్టడమైనా మానడమైనా మీరే నిర్ణయించుకోకండి, డాక్టర్‌తో మాట్లాడాకే చేయండి.