ఆగని బెల్లు

చెల్లెళ్లూ, "అయిపోయిన సంగతే కదా, ఇంకా పట్టుకుని వేలాడతావేం?" అనే మాట పడనివాళ్లు మనలో ఎవరున్నారు? ఆ మాటకు తల దించుకోవడం కూడా మనకు అలవాటే. అందుకే ఇవాళ మీకు ఎలుకల సంగతి చెప్పాలనిపించింది.

భయమో కంగారో కలగ్గానే మెదడులోని హైపోథాలమస్ సి.ఆర్.ఎఫ్. అనే రసాయనాన్ని వదులుతుంది. అది పిట్యూటరీ గ్రంథిని లేపుతుంది, పిట్యూటరీ అడ్రినల్ గ్రంథుల్ని లేపుతుంది. అప్పుడు రక్తంలోకి ఒత్తిడి హార్మోన్ దిగుతుంది. మనకైతే కార్టిసాల్, ఎలుకలకు కార్టికోస్టెరాన్. ఒకే కష్టం పెట్టినా ఇది మగ ఎలుకలకంటే ఆడవాటిలో ఎక్కువగా పెరుగుతుంది. అండాశయాలు తీసేస్తే తగ్గుతుంది, ఈస్ట్రోజన్ ఇస్తే మళ్లీ పెరుగుతుంది. టెస్టోస్టెరాన్ మాత్రం దాన్ని అణచిపెడుతుంది.

నన్ను కదిలించింది ఇంకొకటి. మనల్ని అప్రమత్తంగా ఉంచే లోకస్ సెరూలియస్ అని మెదడులో చిన్న చోటు ఉంది. అక్కడి కణాల మీద సి.ఆర్.ఎఫ్.ను అందుకునే రిసెప్టర్లు ఉంటాయి. డెబ్రా బాంగాసర్, రీటా వాలెంటినో బృందం 2010లో వాటిని పరిశీలించింది. ఎలుకలను నీళ్లలో ఈదించి ఒత్తిడి పెడితే, మగవాటిలో బీటా అరెస్టిన్ అనే ప్రొటీన్ వచ్చి ఆ రిసెప్టర్లను పట్టుకుంటుంది, అవి కణం లోపలికి వెళ్లిపోతాయి. ఊరికే మోగుతున్న కాలింగ్ బెల్లు వైరు పీకేసినట్టన్నమాట. ఆడ ఎలుకల్లో ఆ పీకేయడం జరగలేదు! పైగా వాటి కణాలు తక్కువ సి.ఆర్.ఎఫ్.కే స్పందించాయి. ఇందులో మనసు బలహీనత మాటెక్కడుంది, చెప్పండి?

ఎలుకలో కనబడిందంతా మనలోనూ అలాగే ఉంటుందని నేననను. ఆడవాళ్లలో డిప్రెషన్ మగవాళ్లకంటే దాదాపు రెండింతలు ఎక్కువ. దానికి ఇంటి బరువులూ కారణమే, బయట పడే మాటలూ కారణమే. కానీ ఒంట్లోని కారణాన్ని అంతగా వెతకలేదంటే మాత్రం నాకు బాధగా ఉంటుంది. ఒకే లింగం జంతువులతో చేసిన నాడీశాస్త్ర పరిశోధనల్లో, ఆడవాటి మీద ఒకటి జరిగితే మగవాటి మీద అయిదున్నర జరిగాయని 2011లో బీరీ, జుకర్ అనే పరిశోధకులు లెక్కతేల్చారు. ఆడవాటికి హార్మోన్ల చక్రం ఉంటుంది, ఫలితాలు నిలకడగా రావు అని సాకు. 2014లో సరిచూస్తే ఆడ చిట్టెలుకల ఫలితాల్లో మగవాటికంటే ఎక్కువ ఊగిసలాట ఏమీ లేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు తాము డబ్బిచ్చే పరిశోధనల్లో ఆడా మగా తేడాను లెక్కలోకి తీసుకోవాలన్న నియమాన్ని 2016లోగానీ అమలులో పెట్టలేదు. అంతకుముందు తయారైన మందులనూ మనం మింగుతూనే ఉన్నాం కదమ్మా!