ఒక్క కాలికే మందు

మోకాలు నొప్పిగా ఉంటే మాత్ర నోట్లో వేసుకుంటాం. ఆ మాత్రకు మోకాలి చిరునామా ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అది రక్తంలో కలిసి తల నుంచి కాలివేళ్ళ దాకా అంతటా తిరుగుతుంది. దారిలో మోకాలినీ చేరుతుంది. కేన్సర్ మందుల విషయంలో ఇదే పెద్ద చిక్కు.

మన చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. దాన్ని తయారుచేసే కణాలు అదుపు తప్పి పెరిగితే వచ్చే కేన్సర్‌ను మెలనోమా అంటారు. తెల్లని చర్మం గలవారిలో ఇది ఎక్కువ. మనవంటి ఛాయ గలవారిలో అరుదే అయినా, వచ్చినప్పుడు తరచు అరికాలిలోనో, గోరు కిందనో కనిపిస్తుంది. అక్కడ కొత్త మచ్చ పెరుగుతుంటే వెంటనే డాక్టరుకు చూపించాలి. తొలి దశలో కోసి తీసేస్తే చాలావరకు నయమవుతుంది. ముదిరితే ఒక్కోసారి కాలి పొడవునా పదులకొద్దీ గడ్డలు లేస్తాయి.

మెల్ఫలాన్ అనే మందు ఈ కణాలను చంపగలదు. కాని అందుకు చాలినంత మోతాదు ఒళ్ళంతా పారితే, రక్తకణాలు పుట్టే ఎముకల మజ్జ దెబ్బతిని ప్రాణానికే ముప్పు. అందుకే ఒకప్పుడు కాలు తీసేయడమే దారి అనుకునేవారు.

ఒక్క మడికే తెగులు తగిలితే రైతు ఏం చేస్తాడు? మడవ కట్టి, మందు పక్క మళ్ళకు పారకుండా చూసుకుంటాడు. కాలికీ అలా మడవ కట్టగలమా? రక్తం ఆగితే కాలు చచ్చిపోతుంది కదా!

దీనికి ఉపాయం గుండె-ఊపిరితిత్తుల యంత్రంలో దొరికింది. 1953లో అమెరికా వైద్యుడు జాన్ గిబ్బన్ దాన్ని గుండె ఆపరేషన్‌లో జయప్రదంగా వాడాడు. 1957లో న్యూ ఆర్లియన్స్‌లోని టులేన్ విశ్వవిద్యాలయంలో ఆస్కార్ క్రీచ్, ఎడ్వర్డ్ క్రెమెంట్జ్ బృందం అటువంటి యంత్రాన్నే కాలికి తగిలించింది. తొలి రోగి 76 ఏళ్ళ వృద్ధుడు. కాలు తీయించుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు.

పద్ధతి ఇది. కాలి మొదట్లో ధమనికీ, సిరకూ గొట్టాలు అమర్చి, పైన పట్టీ బిగిస్తారు. సిర నుంచి వచ్చే రక్తానికి యంత్రం ప్రాణవాయువు అందించి, వెచ్చజేసి, మందుతో సహా ధమనిలోకి తిరిగి పంపుతుంది. ఇలా గంట, గంటన్నర. ఆ రక్తంలో కొద్దిగా రేడియోధార్మిక పదార్థం కలిపి, గుండె మీద పరికరం ఉంచుతారు. మందు శరీరంలోకి కారితే అది పట్టిస్తుంది. చివరకు కాలిలోని మందును కడిగేసి, రక్తప్రసరణను మళ్ళీ కలుపుతారు. ఒళ్ళంతా భరించగల గాఢతకు పది రెట్లకు పైగా కాలికి ఇవ్వవచ్చు!

ఆ వృద్ధుని గడ్డలు మాయమయ్యాయి. 92వ ఏట కన్నుమూసేదాకా తిరిగి రాలేదు.

అందరికీ ఇంత మేలు జరగదు. కాలు దాటిపోయిన కేన్సర్‌ను ఈ పద్ధతి తాకలేదు. 2011 నుంచి రోగనిరోధక శక్తిని ఉసికొల్పే మందులు వచ్చాయి. ఇప్పుడు సాధారణంగా ముందు వాటినే వాడతారు. అవి పనిచేయనప్పుడు ఈ పద్ధతి ఇంకా అక్కరకొస్తుంది.

మరి మోతాదు ఎలా నిర్ణయిస్తారు? మీ పాఠంలోని ఆర్కిమెడీస్‌ను తలచుకోండి. కాలిని నీళ్ళలో ముంచి, తొలగిన నీటిని కొలిస్తే కాలి ఘనపరిమాణం తెలుస్తుంది. లీటరుకు 10 మిల్లీగ్రాముల మందు. ఒక రోగి కాలు 8 లీటర్ల నీటిని తొలగిస్తే ఎంత మందు కావాలి? మీరే లెక్క కట్టండి.